స్టూడియో ఆల్బమ్ ఉండగా దగ్గులున్న లైవ్ రికార్డింగ్ ఎందుకు వింటానంటే

మీరు అడిగింది ఇది: స్టూడియోలో శుభ్రంగా చేసిన ఆల్బమ్ ఉండగా, ఒక్కడే గిటార్ పట్టుకుని ఏదో చిన్న క్లబ్బులో పాడిన ఫోక్ రికార్డింగ్ కోసం జనం ఎందుకు వెతుకుతారు, అందులో దగ్గులు, గ్లాసుల చప్పుడు తప్ప కొత్తగా ఏముంది అని. నేను అలా వెతికేవాళ్ళలో ఒకణ్ణి, పైగా ఇందులో ఒకసారి పెద్ద తప్పు చేసి నేర్చుకున్నాను, అందుకే రాస్తున్నాను.

మాది ప్రొద్దుటూరు. మా నాన్నది మైక్‌సెట్ పని. పదో తరగతి అయినప్పటి నుంచి నేనూ ఆయన వెంట పెళ్ళిళ్ళకి, చెక్కభజనలకి, తత్వాలు పాడే చోట్లకి స్పీకర్ బాక్సులు మోసుకుని తిరిగాను. గిటార్ కాలేజీలో చేరాక పట్టుకున్నాను, ఇప్పటికీ వాయిస్తాను.

ఒక వైశాఖంలో, బ్రహ్మంగారి ఆరాధన రోజుల్లో, మఠం వైపు ఒక పల్లెలో ఒక పెద్దాయన తంబూర పట్టుకుని తత్వాలు పాడారు. పక్క వాద్యం లేదు, ఆయనే తీగ మీటుతూ ఆయనే పాడటం. మిక్సర్ నుంచి నేను రాత్రంతా రికార్డు చేశాను. తర్వాత ఆయన మీద గౌరవంతోనే కంప్యూటర్‌లో కూర్చుని దాన్ని శుభ్రం చేశాను: పిల్లల ఏడుపు, జనరేటర్ హోరు, ఎవరో తాళాలు కింద పెట్టిన చప్పుడు, చరణానికీ చరణానికీ మధ్య ఆయన ఊపిరి పీల్చుకున్న చోట్లు, అన్నీ తీసేశాను. పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్ళి వినిపిస్తే ఆయన రెండు తత్వాలు నెమ్మదిగా విని, "జనం యాడికి పోయినారు నాయనా? ఎవురూ ల్యాకుండా నేను ఎవురికి పాడినట్టు?" అన్నారు. నాకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది.

ఇంటికొచ్చి రెండు ఫైళ్ళూ హెడ్‌ఫోన్స్‌లో పక్కపక్కన పెట్టి విన్నాను. హోరు తీసే సాఫ్ట్‌వేర్ హోరుతో పాటు తంబూర తీగ మోగి మోగి సన్నబడే తోక కూడా కత్తిరించేసింది, ఎందుకంటే అంత సన్నని చోట దానికి హోరుకీ తీగకీ తేడా తెలియదు. పాత ఫైల్లో ఒక చోట తీగ శ్రుతి తప్పుతుంది, ఆయన పాట ఆపకుండా ఒక మాటని సాగదీసి పట్టుకుని, ఆ సందులో బిరడా తిప్పి, శ్రుతి కుదిరాక తర్వాతి మాట అందుకుంటారు, ముందు కూర్చున్నవాళ్ళెవరో "ఆహా" అంటారు. నేను శుభ్రం చేసిన దాంట్లో ఆ చోటే లేదు. ఆయనకి మళ్ళీ పాతదే ఇచ్చొచ్చాను.

ఒక్కడే వాయించే లైవ్‌లో నేను వెతుక్కునేది అచ్చంగా ఇలాంటి చోట్లనే. పాట ఎలా ఉంటుందో స్టూడియో ఆల్బమ్ చెప్తుంది, ఆ మనిషి దాన్ని ఒక చివర నుంచి ఇంకో చివరకి ఎలా దాటిస్తున్నాడో లైవ్‌లోనే తెలుస్తుంది.

నేను ఎక్కువగా వినేది బెర్ట్ జాన్ష్ అనే స్కాట్లండ్ ఫోక్ గిటారిస్టుని, పాడేదీ ఆయనే. 1943లో గ్లాస్గోలో పుట్టాడు, 2011లో పోయాడు. 1965లో వచ్చిన ఆయన మొదటి ఆల్బమే అసలు స్టూడియోలో చేసింది కాదు, లండన్‌లో బిల్ లీడర్ అనే ఆయన ఇంట్లో టేప్ రికార్డర్ పెట్టి, అడిగి తెచ్చుకున్న గిటార్‌తో పాడింది. 1967లో పెంటాంగిల్ అనే బ్యాండ్‌లో చేరాడు, అందులో ఇంకో గిటార్, డబుల్ బాస్, డ్రమ్స్, వేరే గొంతు ఉంటాయి. ఆ బ్యాండ్ అంటే నాకు ఇష్టమే, కానీ అక్కడ ఈయన వదిలిన చోట ఇంకొకరు అందుకుంటారు. ఒక్కడే కూర్చున్నప్పుడు అందుకునేవాడు లేడు. బొటనవేలు లావు తీగల మీద నడక నడపాలి, మిగతా వేళ్ళు సన్న తీగల మీద పాట వాయించాలి, దాని మీద గొంతు ఇంకో దారిలో పోవాలి. బుర్రకథలో కథకుడు భుజాన తంబూర మీటుతూ, రెండో చేత్తో అందెలు మోగిస్తూ, అడుగు వేస్తూ కథ చెప్తాడు చూడండి, ఆ పని ఈయన కుర్చీలో కూర్చుని పది వేళ్ళతో చేస్తాడు.

మొదట వినాల్సింది 12 బార్ క్లబ్ రికార్డింగ్, 1996లో వచ్చింది. లండన్‌లో సంగీత వాద్యాల షాపులుండే డెన్మార్క్ స్ట్రీట్‌లో, ఒకప్పుడు కమ్మరి కొలిమి ఉన్న చోట నడిచిన చిన్న క్లబ్ అది, 2015లో మూసేశారు. గది చిన్నదైతే ఏమవుతుందో మైక్‌సెట్ వాళ్ళకి బాగా తెలుసు: ముందు వరస వాద్యానికి దగ్గరగా ఉంటుంది, వాళ్ళు కదిలితే మైకులో పడుతుంది, అది తెలిసి వాళ్ళూ కదలరు. ఆ నిశ్శబ్దం కూడా రికార్డవుతుంది.

అందులో 'బ్లాక్‌వాటర్‌సైడ్' ఉంది. ఐర్లండ్ జానపదం, ఆన్ బ్రిగ్స్ అనే ఫోక్ గాయని దగ్గర ఆయన నేర్చుకున్నాడు, 1966లో రికార్డు చేశాడు. మామూలుగా 'ఇ'లో ఉండే అన్నిటికన్నా లావు తీగని 'డి'కి దించి వాయిస్తాడు, గిటార్ వాళ్ళు డ్రాప్ డి అంటారు. దించిన ఆ తీగ పాట కింద తంబూర లాగా నిలబడుతుంది. నేను నేర్చుకునేటప్పుడు నాలుగు నెలలు పట్టింది, వేళ్ళ కన్నా బొటనవేలి తాళం మొండికేసింది. ఇరవైల్లో వాయించిన దానికీ, యాభై దాటాక క్లబ్బులో వాయించిన దానికీ తేడా చూడండి. నా చెవికి మొదటిదాంట్లో వేళ్ళ పరుగు ముందు వినిపిస్తుంది, రెండోదాంట్లో పాట ముందు వినిపిస్తుంది. స్వరాలు దాదాపు అవే. మొదటిదే గొప్పదనేవాళ్ళు ఉన్నారు, నేను ఒప్పుకోను.

ఇంకా పచ్చిగా కావాలంటే 1962 నుంచి 1964 మధ్య గ్లాస్గోలో తీసిన టేపులు 1998లో బయటికొచ్చాయి. అప్పటికి ఆయనకి ఇరవై అటూ ఇటూ. సౌండ్ బాగుండదు, ముందే చెప్తున్నా. అయినా తన ఆల్బమ్ ఒక్కటీ ఇంకా రాని రోజుల్లో ఆ కుర్రాడి చేయి అప్పటికే అంత ధైర్యంగా ఉందని తెలియడం నాకు పెద్ద విషయం. అలాగే డేవీ గ్రేయమ్ అనే ఇంకో గిటారిస్టు 1967 ఫిబ్రవరి 4న ఇంగ్లండ్‌లోని హల్ యూనివర్సిటీలో రాత్రి పొద్దుపోయాక ఒక స్టూడెంట్ గదిలో వాయించింది ఉంది, అది మన ఇంట్లో కూర్చుని వాయిస్తున్నట్టే ఉంటుంది.

లైవ్ అయితే చాలు అని నేను అనను. గిటార్ బ్రిడ్జ్ (తీగలు ఆనే చెక్క) కింద పెట్టే పికప్ నుంచే, అంటే తీగ అదురుని కరెంటు సిగ్నల్‌గా మార్చే ముక్క నుంచే, మైకు లేకుండా నేరుగా లైన్ తీసుకున్న రికార్డింగులు ఉంటాయి, తీగ రబ్బరు లాగా మోగుతుంది, చెక్క శబ్దం ఉండదు, అవి నేను పది నిమిషాలు కూడా వినలేను. గిటార్ ముందు ఒక మామూలు మైకు పెట్టి తీసినదైతే పాతదైనా సరే వింటాను.

వినేటప్పుడు ఫోన్ స్పీకర్ వద్దు, హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, ఫ్యాన్ ఆపేయండి. మా ఊరి ఎండల్లో అది తెల్లవారుజామునే కుదురుతుంది, నేను అప్పుడే వింటాను. మొదటిసారి పాట పాటలాగా వినండి. రెండోసారి బొటనవేలిని మాత్రమే పట్టుకుని వెళ్ళండి, మిగతాది వదిలేయండి. పాట అయిపోగానే తర్వాతి దానికి దూకకండి, తీగ ఇంకా సన్నగా మోగుతూ ఉంటుంది, చప్పట్లు ఎవరో ఒకరు మొదలుపెట్టేదాకా ఆగండి.