పలక వెనక్కి ఎందుకు తన్నుతుంది?

ప్రశ్న: టేబుల్ సా (బల్ల మధ్యలోంచి గుండ్రటి రంపపు బ్లేడు పైకి లేచి తిరిగే యంత్రం) మీద చెక్క పలకను నిలువునా చీలుస్తుంటే ఫెన్స్ (పలకను ఆనించి తోసే, బ్లేడు పక్కనున్న నిలువు పట్టీ) వైపు అంచు నల్లగా మాడుతోంది. మొన్న కోత ముగుస్తుందనగా పలక ఎగిరి నా మీదికి తన్నింది. బ్లేడు కొత్తదే. లోపం ఎక్కడుంది?

జవాబు: మాడిన మరకా, ఆ తన్నూ చాలావరకు ఒకే చోట పుడతాయి: బ్లేడు వెనక. ముందువైపు పళ్లు కిందికి దిగుతూ పలకను బల్లకేసి నొక్కుతాయి. వెనకవి పైకి లేస్తుంటాయి. పలక వాటిని ఒరుసుకుందంటే పైకి లేపి మీ వైపు విసిరేస్తాయి. 10 అంగుళాల బ్లేడు నిమిషానికి 4000 చుట్లు తిరుగుతుంటే పంటి కొస వేగం గంటకు సుమారు 190 కిలోమీటర్లు. చేత్తో ఆపడం జరిగే పని కాదు.

ముందు ఫెన్స్ చూడండి. ప్లగ్ పీకేసి, బ్లేడును పూర్తిగా పైకెత్తి, ఒక పంటికి మార్కర్‌తో గుర్తు పెట్టండి. అది ముందువైపు బల్ల మట్టానికి వచ్చినప్పుడు ఫెన్స్‌కు ఎంత దూరమో కొలవండి. బ్లేడును చేత్తో తిప్పి, అదే పన్నును వెనక్కి తెచ్చి మళ్లీ కొలవండి. వేరే పన్ను పట్టుకుంటే బ్లేడులో ఉన్న కాస్త వంపు కూడా లెక్కలో కలిసిపోతుంది. వెనక కొలత తగ్గిందా, పలక ఇరుకుతున్నట్టే. రెండూ సమానంగా ఉండాలి. వెనక 0.1 మి.మీ. ఎక్కువున్నా ఫర్వాలేదు, తక్కువ మాత్రం వద్దు. మైటర్ గాడికి (బ్లేడు పక్కన బల్ల పొడుగునా ఉండే గాడి) బ్లేడు సమాంతరంగా ఉందో లేదో కూడా ఇలాగే తేల్చుకోండి.

రెండోది రైవింగ్ నైఫ్, అంటే బ్లేడు వెనక నిలబడి కోసిన గాడిని మూసుకుపోకుండా ఉంచే లోహపు రేకు. అడ్డమని దాన్ని పీకి పక్కన పెట్టేవాళ్లే ఎక్కువ, కానీ వెనక పళ్లకు చెక్క తగలకుండా కాచేది అదే. లోపల బిగువున్న కలప చీలగానే రెండు ముక్కలూ దగ్గరికి ముడుచుకుంటాయి. నైఫ్ మందం బ్లేడు రేకు కన్నా ఎక్కువ, పళ్లు తీసే గాడి కన్నా తక్కువ ఉండాలి. పళ్లకూ దానికీ మధ్య ఖాళీ 3 నుంచి 8 మి.మీ. 3.2 మి.మీ. గాడికి తగిన నైఫ్ ఉంచేసి 2.4 మి.మీ. సన్న బ్లేడు బిగిస్తే పలక నైఫ్ దగ్గరే ఆగిపోతుంది. అక్కడ బలంగా తోయడం మొదలుపెడితే ప్రమాదమే.

ఫెన్స్‌కు ఆనే అంచు చిత్రిక పట్టి తిన్నగా చేసిందై ఉండాలి. మీరు బ్లేడు గీతకు ఎదురుగా కాక ఓ పక్కన నిలబడాలి. ఫెన్స్‌కూ బ్లేడుకూ మధ్యనున్న ముక్కనే, బ్లేడు దాటేవరకూ తోయండి. అవతలి తుంపును ముట్టుకోవద్దు. ఫెన్స్‌కూ బ్లేడుకూ మధ్య సందు 150 మి.మీ. కన్నా తక్కువుంటే పుష్ స్టిక్ (చేతికి బదులు పలకను తోసే కర్ర) వాడాలి. మధ్యలో గాడి మూసుకుపోతుంటే పలకను కదలకుండా పట్టుకుని స్విచ్ ఆపండి. బ్లేడు పూర్తిగా నిలిచాక గాడిలో చిన్న చెక్క చీల దూర్చి మళ్లీ మొదలుపెట్టండి.

ప్రశ్న: 8 మి.మీ. పట్టీలు చాలా కావాలి. ఎలా కోయాలి?

జవాబు: పట్టీ ఫెన్స్ వైపు కాక అవతలి పక్కన రాలేలా కోయండి. ఆ పక్క మైటర్ గాడిలో, పళ్లకు ఓ 50 మి.మీ. ముందుగా ఒక ఆపు (పలక అంచు తగిలే అడ్డు) బిగించండి. ఆపుకూ, అటువైపు పంటి కొసకూ మధ్య ఎడం 8 మి.మీ. ఉండాలి. ప్రతి కోతకూ పలక ఆపుకు తగిలేదాకా ఫెన్స్ జరిపి బిగిస్తే చాలు. ఆపు పళ్ల పక్కకు వచ్చిందంటే మాత్రం పట్టీ అక్కడే ఇరుక్కుంటుంది.

ప్రశ్న: బ్లేడు ఎంత ఎత్తు? గ్లవ్స్ వేసుకోవచ్చా?

జవాబు: పలక మీదికి 5 మి.మీ. లేస్తే చాలు. చీల్చడానికి 24 పళ్ల బ్లేడు మేలు, 80 పళ్లదైతే మాడుస్తుంది. గ్లవ్స్ వద్దు. పంటికి బట్ట చిక్కితే దానితోపాటు చేతినీ లాగేస్తుంది.