ట్రయల్‌లో మేలు చేసిన మందు మన దగ్గర కీడు ఎందుకు చేస్తుంది?

క్లినికల్ ట్రయల్స్‌లో మంచి ఫలితాలిచ్చిన మందులు మామూలు రోగుల్లో అలా పనిచేయకపోతే ఆ ట్రయల్సే తప్పనుకోవాలా అని మీరు అడిగారు. తప్పనుకోనక్కర్లేదు. చిన్న పట్టణంలో ఫిజీషియన్‌గా గుండె వైఫల్యానికి నేను తరచూ రాసే స్పిరోనోలాక్టోన్ బిళ్ల సంగతి చెబుతాను.

1999లో వెలువడిన రేల్స్ ట్రయల్‌లో, గుండె బాగా బలహీనపడిన 1,663 మందిలో దాదాపు సగం మందికి ఈ బిళ్లను, మిగిలినవారికి మందు లేని బిళ్లను ఇవ్వగా, మందు వాడినవారిలో మరణాల ముప్పు 30 శాతం తగ్గింది. దీనివల్ల రక్తంలో పొటాషియం పెరుగుతుంది, మితిమీరితే గుండె లయ తప్పుతుంది. అయితే రక్తంలో క్రియాటినిన్ (ఇది పెరిగితే మూత్రపిండాలు బలహీనపడ్డట్టు) 2.5 దాటినవారిని అసలు చేర్చుకోకపోవడం వల్లా, చేరినవారికి మొదటి 12 వారాలూ నాలుగేసి వారాలకు రక్తపరీక్ష చేయడం వల్లా అక్కడ ఆ ప్రమాదం అదుపులో ఉంది. ఫలితాలు చూసి కెనడాలోని ఒంటారియోలో వైద్యులు దీన్ని విరివిగా రాయసాగారు. గుండె వైఫల్యంతో ఆసుపత్రికి వెళ్లివచ్చి, ఏసీఈ ఇన్‌హిబిటర్లు (పొటాషియాన్ని పెంచగల బీపీ, గుండె మందులు) వాడుతున్న వృద్ధుల్లో, పొటాషియం పెరిగి మళ్లీ చేరవలసి వచ్చినవారు 1994లో వెయ్యికి 2.4 మంది కాగా 2001లో 11 మంది అయ్యారు.

మా ఓపీలో మందుల సంచిని బల్లమీద కుమ్మరించమంటే కారణాలు వాటంతటవే బయటపడతాయి. ఆయాసంతో వచ్చిన ఒక పెద్దావిడ సంచిలో ఈ బిళ్లతోపాటు మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న డైక్లోఫెనాక్ ఉంది. అది మూత్రపిండాల పనిని మందగింపజేయడంతో పొటాషియం బయటకు పోవడం తగ్గుతుంది. బీపీకి మంచిదని ఎవరో చెబితే ఇంట్లో వాడుతున్న తక్కువ సోడియం ఉప్పులో పొటాషియం క్లోరైడ్ ఉంది. నీరసానికని రోజూ తాగే కొబ్బరినీళ్లు సరేసరి, వాటిలోనూ పొటాషియం ఎక్కువే. నెలల తరబడి ఆమెకు రక్తపరీక్షే జరగలేదు. ఆనాటి పొటాషియం 6.4, అంటే ప్రమాదకరమైన స్థాయి. ఇలాంటి మనిషి ఏ ట్రయల్‌లోనూ కనిపించరు.

అలాగని ఒంటారియో అనుభవం అన్నిచోట్లా పునరావృతం కాలేదు. స్కాట్లాండ్‌లోని టేసైడ్ ప్రాంతంలో ఈ మందు వాడకం బాగా పెరిగినా, ఆసుపత్రి చేరికలు అలా పెరగలేదని 2010లో ప్రచురితమైన అధ్యయనం చూపింది. పరీక్షలు శ్రద్ధగా చేయడమే ఇందుకు కారణం కావచ్చని ఆ పరిశోధకులు భావించారు. నా ఉద్దేశంలో రేల్స్ పరీక్షించింది బిళ్లను మాత్రమే కాదు, దాని వెంట ఉన్న రక్తపరీక్షలను కూడా; మనం చీటీమీద బిళ్ల పేరు రాసి పరీక్షను వదిలేస్తున్నాం. అందుకే నేను మందు పేరు కిందే తరువాతి పొటాషియం, క్రియాటినిన్ పరీక్షల తేదీ రాసి, ఆ రిపోర్టు చూశాకే మందు కొనసాగిస్తున్నాను.