అక్క సంతకం ఫార్మాలిటీ కాదు

ప్రశ్న: మాది తెనాలి. ఎరువుల దుకాణం నడుపుతున్నాను, ఖర్చులు పోను నెలకు 60 వేల దాకా మిగులుతుంది. మా అబ్బాయికి అమెరికాలో ఎంఎస్ సీటు వచ్చింది. 40 లక్షల విద్యారుణం అడిగితే బ్యాంకువాళ్లు ఇల్లు తాకట్టు పెట్టమన్నారు. ఇల్లు మా నాన్నగారి స్వార్జితం. ఆయన వీలునామా రాయకుండానే పోయారు. అమ్మ, అక్క, నేను ఉన్నాం. అక్క సంతకం కూడా కావాలట, అది ఫార్మాలిటీయేనని మేనేజరు అంటున్నారు. బావగారు ఒప్పుకోవడం లేదు. పెళ్లప్పుడు పసుపు కుంకుమల కింద అక్కకు అరెకరం ఇచ్చాం, ఇంకా వాటా ఏముంటుంది? అప్పు అబ్బాయిది, వాడే తీర్చుకుంటాడు కదా, మాకేమైనా ఇబ్బందా? హామీ లేకుండా ఇచ్చే కేంద్ర పథకం ఉందంటున్నారు, నిజమేనా? వీసా రాకపోతే ఏమిటి?

జవాబు: మీ బావగారి మీద కోపం పెట్టుకోకండి. ఆయన భయంలో అర్థం ఉంది.

ముందు వాటా సంగతి. హిందూ వారసత్వ చట్టం మీకు వర్తిస్తుందనుకుని చెబుతున్నాను. వీలునామా లేకుండా పోయిన తండ్రి స్వార్జితంలో భార్యకు, కొడుకుకు, కూతురికి సమాన వాటా వస్తుంది. అంటే ఆ ఇంట్లో మీది మూడో వంతే. పెళ్లినాటి అరెకరం వల్ల అక్క వాటా రద్దు కాదు. తన వాటా వదులుకుంటున్నట్టు ఆమె రిజిస్టర్డ్ విడుదల దస్తావేజు రాసిచ్చి ఉంటే తప్ప ఆ వాటా ఆమెదే. ‘అయితే ఇప్పుడు రాయించుకుంటా’ అనుకుంటారేమో, అప్పు కోసం ఆ పని వద్దు. కొన్నేళ్లలో తీరే బాకీ కోసం ఆమె హక్కును శాశ్వతంగా తీసేసుకోవడం నాకు సబబుగా అనిపించదు. రేపు అబ్బాయి అప్పు తీర్చేసినా ఆ వాటా వెనక్కి రాదు.

ఇక సంతకం. విద్యారుణంలో తండ్రి చాలాచోట్ల కో-అప్లికెంట్‌గా ఉంటాడు. అంటే అబ్బాయితో సమానంగా మీరూ బాకీదారే. అక్కను గ్యారంటర్‌గా పెడితే, కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం ఆమె బాధ్యత కూడా అసలు బాకీదారుడితో సమానమే. ‘ముందు మేనల్లుణ్ని అడగండి, వాడు కట్టకపోతే నా దగ్గరికి రండి’ అని ఆమె అనలేదు. బ్యాంకు ఆ వరస పాటించనక్కర్లేదని సుప్రీంకోర్టు 1969లోనే చెప్పింది. పైగా ఈ అప్పు ఆమె సిబిల్‌లో, అంటే అప్పుల చరిత్ర నివేదికలో కూడా కనిపిస్తుంది. రేపు వాళ్ల పిల్లల చదువుకు లోను అడిగినప్పుడు అది అడ్డం రావచ్చు.

కానీ అదే 128వ సెక్షన్‌లో ‘ఒప్పందంలో వేరే విధంగా రాసుకుంటే తప్ప’ అన్న మాట ఉంది. దాన్ని వాడుకోండి. అక్క తన వాటాను తాకట్టు పెట్టేవరకే సంతకం చేస్తుందని, సొంత పూచీ ఉండదని రాయమని బ్యాంకును అడగండి. లేదా ఆమె పూచీ ఫలానా మొత్తం వరకే అని అయినా రాయించండి. అచ్చువేసిన ఫారాలు మార్చడం బ్యాంకులకు ఇష్టం ఉండదు, అయినా రాతపూర్వకంగా అడగడంలో తప్పు లేదు. దీంతోపాటు, ఆమె వాటాకు నష్టం వస్తే మీరు భర్తీ చేస్తారని స్టాంపు కాగితం మీద రాసి మీరే ఆమెకివ్వండి. అడక్కముందే ఇస్తే బావగారి గొంతు మారుతుంది, ఇలాంటి తగాదాల్లో చూసిన సంగతే ఇది.

వాయిదాలు ఆగితే ఏమవుతుందో కూడా అక్కకు తెలియాలి. 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండిబాకీ అవుతుంది. అప్పుడు బ్యాంకు సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసిస్తుంది. అప్పటికీ కట్టకపోతే సివిల్ కోర్టుకు వెళ్లకుండానే ఇంటిని స్వాధీనం చేసుకుని అమ్మొచ్చు. ఆ స్వాధీనం మీద 45 రోజుల్లోగా, బ్యాంకు బాకీల కేసులు చూసే డెట్ రికవరీ ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. నోటీసు వచ్చిన రోజే లాయరును కలవండి, సంక్రాంతి వెళ్లాక చూద్దాం అనకండి.

‘వాడే తీర్చుకుంటాడు’ అన్నారు. లెక్క వేద్దాం. 10 శాతం వడ్డీ, మొత్తం సొమ్ము మొదట్లోనే తీసుకున్నారు, చదువు రెండేళ్లు, ఆపైన ఏడాది గడువు అనుకుందాం. ఈ మూడేళ్లనే మారటోరియం అంటారు, అందులో వాయిదా ఆగుతుంది గానీ వడ్డీ ఆగదు. సాధారణ వడ్డీ లెక్కనే మూడేళ్లకు 12 లక్షలు కలిసి అప్పు 52 లక్షలవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే ఈఎంఐ 68,700 దాకా వస్తుంది, అంటే మొత్తం కట్టేది 82 లక్షల పైమాటే. అబ్బాయికి ఉద్యోగం ఆలస్యమైతే ఆ 68 వేలు మీ 60 వేల లోంచి రావు. అదే ఆ మూడేళ్లూ నెలనెలా వడ్డీ కట్టగలిగితే మొత్తం మీద ఏడు లక్షల దాకా తగ్గుతుంది. కొన్ని బ్యాంకులు అలా కట్టేవారికి వడ్డీలో రాయితీ కూడా ఇస్తాయి, అడగండి. సెమిస్టరు ఫీజుకు తగ్గట్టు విడతలుగా సొమ్ము తీసుకుంటే భారం ఇంకా తగ్గుతుంది.

ఈ అంకెలన్నీ మీ అప్పుకు ఎలా ఉంటాయో బ్యాంకే కాగితం మీద చూపాలి. 2024 అక్టోబరు 1 నుంచి రిటైల్ రుణాలన్నిటికీ ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. అందులో అన్ని ఛార్జీలూ కలుపుకుని ఏడాదికి పడే అసలు రేటు, వాయిదాల పట్టిక ఉండాలి. అది మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి, అంటే తెలుగులో అడగొచ్చు. చదువుకుని ఒప్పుకోవడానికి కనీసం మూడు పనిదినాలు గడువు ఉంటుంది. ‘ఇవాళే సంతకాలు పెట్టేయండి’ అంటే ఒప్పుకోకుండా ఆ కాగితం ఇంటికి తెచ్చుకోండి. అమ్మ, అక్క, బావగారు, అబ్బాయి అందరూ కూర్చున్నప్పుడు అబ్బాయి చేతనే పైకి చదివించండి. తీర్చాల్సినవాడు వాడే కదా.

బ్యాంకు అంటగట్టే బీమా ప్రీమియం అప్పులో కలిస్తే దాని మీదా వడ్డీ పడుతుంది. అబ్బాయి పేరిట టర్మ్ పాలసీ మాత్రం తప్పనిసరిగా ఉండాలి. జరగరానిది జరిగితే అప్పు దానంతటదే రద్దు కాదు, మీ మీదికే వస్తుంది. పాలసీ ఫలానా కంపెనీదే కావాలని బ్యాంకు బలవంతపెట్టకూడదు.

కేంద్ర పథకం ఉన్నమాట నిజమే, పీఎం విద్యాలక్ష్మి. అది దేశంలో ఎంపిక చేసిన సంస్థల్లో చదివేవారికే, అమెరికా చదువుకు వర్తించదు. అయితే కొన్ని బ్యాంకులు తమ జాబితాలోని విదేశీ యూనివర్సిటీలకు తాకట్టు లేకుండానే ఇస్తున్నాయి. ఎన్‌బీఎఫ్‌సీలూ (బ్యాంకులు కాని ఫైనాన్స్ కంపెనీలు) ఇస్తాయి గానీ వడ్డీ ఎక్కువ. మీ అబ్బాయి యూనివర్సిటీ పేరు చెప్పి రెండు మూడు బ్యాంకుల్లో కనుక్కోండి. అక్క సంతకం అవసరమే రాకపోవచ్చు.

వీసా విషయం: మంజూరు పత్రం వేరు, సొమ్ము విడుదల వేరు. వీసా స్టాంపు పడ్డాకే మొదటి విడత విడుదల చేయాలని మంజూరు షరతుల్లోనే రాయించుకోండి. అలా చేస్తే వీసా రాకపోయినా ప్రాసెసింగ్ ఫీజు, లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్ లాంటి ఖర్చులే పోతాయి. అప్పటికే తాకట్టు పూర్తయి ఉంటే అది రద్దు చేయించుకుని, ఇంటి ఒరిజినల్ పత్రాలు వెనక్కి తీసుకోండి. అప్పు తీరాక 30 రోజుల్లో పత్రాలివ్వకపోతే, ఆలస్యం బ్యాంకుదైతే, రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశం ఉంది. పత్రాలు అప్పగించేటప్పుడే ప్రతి పేజీ జిరాక్సు తీసుకుని, బ్యాంకు ముద్రతో రసీదు పుచ్చుకోండి.