మొండి కుక్క అని తిట్టే ముందు దాని నడుము చూడండి

"డాష్‌హండ్ జాతి కుక్కలు చెప్పిన మాట అస్సలు వినవంటారు, నిజమేనా? అపార్ట్‌మెంట్‌లో పెంచుకోవచ్చా? మొండితనం మాన్పించడం ఎలా?" అని అడిగారు.

నిజమే, వినవు. పెంచుకోవచ్చు. మొండితనం మాత్రం మాన్పించలేరు, ఆ ప్రయత్నం చేయకపోవడమే మంచిది.

మా ఇంట్లో ఆరేళ్లుగా ఒక డాష్‌హండ్ ఉంది. విశాఖపట్నంలో సీతమ్మధార, మూడో అంతస్తు. అమ్మ పుట్టిల్లు జీడిపప్పుకు పేరున్న పలాస. కుక్కపిల్లను ఇంటికి తెచ్చిన రోజు దాని రంగు చూసి "నేతిలో వేయించిన జీడిపప్పులా ఉందే" అంది అమ్మ. అలా జీడి అనే పేరు ఖాయమైంది. పొద్దున్నే వీధి చివర మనం ఎడమవైపు తిరిగితే అది కుడివైపు తిరుగుతుంది. చినుకు పడితే గుమ్మం దాటదు. పెరుగన్నంలో మందుబిళ్ల కలిపి పెడితే అన్నమంతా తిని, ఒక్క మెతుకు కూడా అంటని బిళ్లను గిన్నె పక్కన పెట్టి వెళ్లిపోతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు అది ఆశ్చర్యమే.

దీనికో కారణం ఉంది. ఈ జాతిని పెంచింది జర్మనీలో, బొరియల్లో ఉండే బ్యాడ్జర్ అనే జంతువును వేటాడడానికి. జర్మన్ భాషలో డాక్స్ అంటే ఆ జంతువే, హుండ్ అంటే కుక్క. ఆ పొట్టి కాళ్లు, పొడవాటి ఒళ్లు బొరియలో దూరడానికే. లోపలికి వెళ్లాక యజమాని కేకలు దానికి వినపడవు. ముందుకు పోవాలా, వెనక్కి రావాలా, అరవాలా, కరవాలా అన్నీ ఆ చీకట్లో అదే తేల్చుకోవాలి. అలా సొంతంగా నిర్ణయించుకునే కుక్కలనే ఏరి ఏరి తరతరాలుగా పెంచుకుంటూ వచ్చారు. ఇవాళ మనం సోఫా మీద కూర్చుని "కమ్" అనగానే పరుగెత్తుకు రావాలంటే ఎలా వస్తుంది? ఆలోచించి, రావాలనిపిస్తే వస్తుంది. "నాలుగు తగిలిస్తే దారికొస్తుంది" అని సలహా ఇచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కొడితే మీరంటే భయం పుడుతుంది, అంతకు మించి ఏమీ జరగదు.

ఇక అసలు చెప్పాలనుకున్నది. రెండేళ్ల క్రితం మా అసోసియేషన్ వాళ్లు లిఫ్ట్ పక్కన నోటీసు అంటించారు, పెంపుడు జంతువులు లిఫ్ట్ ఎక్కకూడదని. గొడవ ఎందుకులే అని జీడిని రోజుకు మూడుసార్లు మెట్ల మీదుగా తిప్పడం మొదలుపెట్టాం. మూడో అంతస్తు వరకు 54 మెట్లు. దాని పొట్ట ఒక్కో మెట్టు అంచును రాసుకుంటూ ఎక్కేది.

రెండు నెలలకు, ఒక ఆదివారం పొద్దున, వాకింగ్ నుంచి వస్తూ రెండో అంతస్తు మలుపులో కూర్చుండిపోయింది. పిలిచాను. కదల్లేదు. బిస్కెట్ చూపించాను. మొహం తిప్పుకుంది. నాకు ఆఫీసు కాల్ టైమ్ అయిపోతోంది, ఆ టెన్షన్‌లో బెల్టు పట్టి గట్టిగా లాగాను. కుయ్యిమంది, అయినా లేవలేదు. పైనుంచి దిగుతున్న పక్కింటి అంకుల్ "మీ జీడి మళ్లీ మొండికేసిందా?" అన్నారు. నేనూ అదే అనుకున్నాను. ఆ లాగడం గుర్తొస్తే ఇప్పటికీ కడుపులో తిప్పేస్తుంది.

నా గొంతు విని నాన్న కిందికి వచ్చారు. కుక్కే వద్దని మొదట్లో పట్టుబట్టిన మనిషి. పంచె సర్దుకుని దాని పక్కనే మెట్టు మీద కూర్చున్నారు. పిలవలేదు, లాగలేదు. కాసేపు చూసి, అరచెయ్యి మెల్లగా దాని పొట్ట కింద పెట్టారు. "ఇది మొండితనం కాదమ్మా. చూడు, పొట్ట రాయిలా బిగబట్టుకుంది" అన్నారు. అప్పుడు చూశాను. వీపు మధ్యలో విల్లులా వంగి ఉంది. తోక రెండు కాళ్ల మధ్యకు పోయింది. కుడి వెనక కాలు సన్నగా, ఆగకుండా వణుకుతోంది. తినే బిస్కెట్ వద్దన్నప్పుడే నాకు అర్థం కావాల్సింది.

డాక్టర్ దగ్గరికి వెళ్తే వెన్నుపూసల మధ్య డిస్క్ జరిగిందన్నారు. ఈ జాతిలో దాదాపు ప్రతి నాలుగైదింటిలో ఒకదానికి వచ్చే జబ్బే ఇది. కాళ్లు పొట్టిగా పెరగడానికి కారణమైన జన్యువే డిస్కుల్ని చిన్న వయసులోనే గట్టిపడేలా చేస్తుంది. గట్టిపడ్డ డిస్క్ ఉబ్బినా, పగిలినా పక్కనే ఉన్న వెన్నుపామును నొక్కేస్తుంది. మెట్లు దిగడం, సోఫా మీంచి దూకడం, ఒళ్లు చేయడం, ఇవన్నీ నడుముకు భారమే. మేము తొందరగా వెళ్లాం కాబట్టి మందులతో, ఆరు వారాల విశ్రాంతితో బయటపడింది. వెనక కాళ్లు పడిపోయి ఉంటే ఆపరేషన్ దాకా వెళ్లేదట, అది కూడా గంటల మీద తేల్చుకోవాల్సిన విషయమట. అందుకే కాళ్లు ఈడుస్తుంటే రేపు చూద్దాం అనుకోకండి. మన నొప్పి మాత్రలు మాత్రం పొరపాటున కూడా వేయకండి. మా చుట్టాల్లో ఒకరు ఫోన్‌లో "సగం బిళ్ల వేసెయ్" అన్నారు. మనుషులు వేసుకునే ఐబూప్రొఫెన్ లాంటివి కుక్కల ప్రాణం మీదికి తెస్తాయి.

ఆ ఆరు వారాలూ జీడిని మోసింది నాన్నే. ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకో చెయ్యి పిరుదుల కింద, వీపు వంగకుండా, నిండు పళ్లెం మోసినట్టు.

లిఫ్ట్ సంగతి కూడా చెప్పాలి. భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. పెంపుడు కుక్కలను లిఫ్ట్‌లోకి రానివ్వకుండా అసోసియేషన్లు అడ్డుకోకూడదు, అందరూ కలిసి తీర్మానం చేసినా సరే. ఆ కాగితం ప్రింట్ తీసి, జీడి రేబిస్ టీకా కార్డుతో కలిపి ఇచ్చాను. వారంలో నోటీసు తీసేశారు. మొదటి రోజే ఆ పని చేసి ఉండాల్సింది. మీరు మాత్రం గొడవ ఎందుకులే అనుకోకండి. పక్కవాళ్ల భయం కూడా న్యాయమైనదే, అందుకే టీకా ఏటా వేయించండి, లిఫ్ట్‌లో బెల్టు పొట్టిగా పట్టుకోండి.

ఇంకో బాధ, ఇంటికొచ్చే చుట్టాలు. "పాపం ఎలా చూస్తోందో" అంటూ ఉల్లిపాయ పకోడీ పడేస్తారు, పిల్లలు ద్రాక్షపళ్లు, చాక్లెట్లు పెట్టేస్తారు. ఆ మూడూ కుక్కలకు విషమే. ఇక మీగడలు, నేతిముద్దలు తిని బరువు పెరిగితే ఆ భారమంతా ఆ నడుము మీదే. జీడి 10 కిలోలుండేది, డాక్టర్ చెప్పాక 8.5కి దింపాం. అమ్మతో పెద్ద యుద్ధమే అయింది.

కాబట్టి తెచ్చుకోండి, కానీ ముందు మీ సోఫా ఎత్తు చూసుకోండి. మాది అడుగున్నర. వడ్రంగితో చెక్క వాలు చేయించి, జారకుండా పాత గోనెపట్టా బిగించారు నాన్న. జీడి దాని వంక కూడా చూడలేదు. సోఫా ముందు నిలబడి, ఎవరైనా ఎత్తి కూర్చోబెట్టేదాకా గుర్రుమనేది. వారం పాటు బిస్కెట్ ముక్కలు వాలు మీద వరసగా పేర్చాం. నేల మీద నిలబడి మెడ చాచి అందినంతవరకు తిని, మిగతావి వదిలేసేది. ఎనిమిదో రోజు మధ్యాహ్నం, అందరం పడుకున్నాక, గోళ్ల చప్పుడు వినిపించి తలుపు సందులోంచి చూశాను. ఒక్కతే మెల్లగా వాలు ఎక్కి, పైన రెండుసార్లు గుండ్రంగా తిరిగి, నాన్న కూర్చునే చోట పడుకుంది.