పోటోమాక్ ఒడ్డున బట్టల మీద ఎవరూ కూర్చోలేదు

అమ్మా,

పంతొమ్మిదో శతాబ్దపు అమెరికన్ రచయిత్రి, పత్రికా సంపాదకురాలు యాన్ రాయల్ జీవితం మీద నువ్వు రాసిన రాతప్రతి రెండుసార్లు చదివాను. మొదటి పేజీలోనే నాకు కోపం వచ్చింది, దాచుకోను. అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ తెల్లవారుజామున పోటోమాక్ నదిలో ఈదుతున్నాడనీ, యాన్ రాయల్ వచ్చి ఒడ్డున ఉన్న ఆయన బట్టల మీద కూర్చుందనీ, అడిగినదానికి జవాబు చెప్పేదాకా లేవలేదనీ రాశావు. అది జరగలేదు.

ఆడమ్స్ ఈదిన మాట నిజమే. 1825 జూన్ 13న ఆయన ఎక్కిన చిన్న పడవ నీళ్ళతో నిండిపోయి ప్రాణం మీదికి వచ్చింది. ఆ సంగతి తన డైరీలో వివరంగా రాసుకున్నాడు. యాన్ కూడా అంతే. ఎవరిని కలిసినా వాళ్ళ కళ్ళ రంగు, ఎత్తు, వయసుతో సహా పుస్తకంలోకి ఎక్కించే మనిషి. ఇంత రాసే ఇద్దరిలో ఒక్కరు కూడా బట్టల ముచ్చట రాయలేదు. పైగా 1824లో, ఆయన ఇంకా విదేశాంగ మంత్రిగా ఉన్నప్పుడే, ఆమె సైనికుడి వితంతువుగా పింఛను అర్జీ పట్టుకుని ఆయనను కలిసింది. ఆయన ఆమె పుస్తకానికి చందా కట్టి, తన భార్య లూయిసాను కలవమని ఇంటికి పిలిచాడు. ఉత్తరాదికి బయలుదేరుతున్న ఆమెకు లూయిసా ఒక తెల్ల శాలువా ఇచ్చింది. అంత మర్యాద దొరికిన చోటికి ఆమె నది గట్టున కాపు కాసి పోవలసిన అవసరమేమిటి? ఇలాంటి కథ చేతికొస్తే ముందు మూడు ప్రశ్నలు వేసుకో. మొదట ఎవరు రాశారు? జరిగిన ఎన్నాళ్ళకు రాశారు? అక్కడ ఉన్నవాళ్ళ కాగితాల్లో ఉందా? మూడింటిలో రెండింటికి జవాబు లేకపోతే ఆ కథను వదిలెయ్యి. ఎత్తుగడ అదిరిపోవాలని పట్టుబట్టే సంపాదకులే ఇలాంటి కట్టుకథలను బతికిస్తున్నారు. వాళ్ళ మాట వినకు.

‘అమెరికా తొలి మహిళా జర్నలిస్టు’ అన్న మాట కూడా కొట్టెయ్యి. మార్చి 8 వస్తే ప్రతి సంచికకూ ఒక ‘తొలి మహిళ’ కావాలి, ఆ జబ్బు నీకు అంటకూడదు. ఆమె పుట్టకముందే, 1730ల చివర్లో, చార్లెస్టన్‌లో ఎలిజబెత్ తిమోతి పత్రిక నడిపింది. బాల్టిమోర్‌లో మేరీ కాథరిన్ గొడార్డ్ పత్రిక నడపడంతో పాటు, 1777 జనవరిలో స్వాతంత్ర్య ప్రకటనను సంతకాలు చేసినవాళ్ళ పేర్లతో అచ్చువేసింది. యాన్ గొప్పతనం వరసలో ఎన్నో స్థానం అన్నదానిలో లేదు.

అది ఎక్కడుందో చెప్తాను. ఆమె 1769లో మేరీలాండ్‌లో పుట్టింది. తొలి పుస్తకం 1826లో వచ్చింది, అంటే 57వ ఏట. నువ్వు బాల్యానికీ పెళ్ళికీ ఎనిమిది పేజీలు ఇచ్చి, ఆ తర్వాతి 28 ఏళ్ళను రెండు పేజీల్లో ముగించావు. దీన్ని తలకిందులు చెయ్యి. ముందు భాగంలో నిలవాల్సింది ఒక్కటే: తల్లి పనికి కుదిరిన ఇంటి యజమాని, అమెరికా స్వాతంత్ర్యం కోసం జరిగిన విప్లవ యుద్ధంలో పోరాడిన విలియం రాయల్, తన పుస్తకాల గది ఆమెకు తెరిచాడు, తర్వాత పెళ్ళాడాడు. ఆ ఎస్టేటులో పని చేసింది బానిసలని కూడా రాయి. నీ ప్రతిలో వాళ్ళ ఊసే లేదు.

పింఛను దగ్గర నువ్వు ‘ప్రభుత్వం కనికరించలేదు’ అని ఒక్క వాక్యం రాసి దాటేశావు. కనికరం కాదమ్మా, అడ్డం వచ్చింది తేదీ. భర్త 1812లో పోయాక అతని బంధువులు దావా వేసి, 1819లో వీలునామా కొట్టేయించారు. చేతిలో ఏమీ లేక ఆమె పింఛను కోసం వాషింగ్టన్ చేరింది. పెళ్ళి జరిగింది 1797లో. 1838 నాటి చట్టం 1794కి ముందు పెళ్ళయిన వితంతువులకే వర్తించింది. ఆ హద్దును 1800 దాకా జరిపింది 1848లో. మూడేళ్ళ తేడాకు మరో పదేళ్ళు ఆగాల్సి వచ్చింది. అప్పటికి ఆమెకు 79. వచ్చిన దానిలో ఎక్కువ భాగం భర్త తరఫువాళ్ళే దక్కించుకున్నారు. ఇది రాస్తే ‘కనికరం’ అన్న మాట అక్కర్లేదు.

నా పట్టుదల ఒక్కటే. రచయిత జీవితం రాసేటప్పుడు పుస్తకం ఎలా అచ్చయింది, ఎవరు డబ్బిచ్చారు, చదివేవాడి చేతికి ఎలా చేరింది అన్నవి తప్పించకూడదు. యాన్ గుర్రబ్బండి మీదా పడవ మీదా ఊరూరా తిరిగింది. ఒక్కో ప్రయాణంలో మూడు పనులు: అయిపోయిన పుస్తకం అమ్మడం, రాబోయేదానికి చందాలు రాయించుకోవడం, అందులోకి సరుకు పోగేసుకోవడం. అందుకే ఆమె యాత్రా రచన ‘బ్లాక్ బుక్’ మూడు సంపుటాల్లో మాటలతో గీసిన మనుషుల బొమ్మలను సాక్ష్యంగా వాడేటప్పుడు జాగ్రత్త. మర్యాద చేసినవాడు అందగాడవుతాడు, తలుపు వేసినవాడి ముక్కు వంకర అవుతుంది. ఆడమ్స్ కూడా ఇదే చిరాకు పడ్డాడు.

1831 డిసెంబరులో, 62వ ఏట, వాషింగ్టన్‌లోని తన ఇంట్లో ‘పాల్ ప్రై’ పత్రిక మొదలుపెట్టింది. వంటగదిలో పాత ప్రెస్సు, తోడుగా శాలీ స్టాక్, అక్షరాలు పేర్చడానికి అనాథ పిల్లలు. నీ ప్రతిలో ఇక్కడ ‘పత్రిక స్థాపించి అవినీతిపై పోరాడింది’ అని ఉంది. ఆ వంటగది ఏది? చేతి ప్రెస్సు పని ఎలా సాగేదో తెలుసుకుని రాయి. కాగితాన్ని ముందురోజు రాత్రే తడిపి ఉంచాలి, పొడి కాగితం మీద సిరా సరిగ్గా పట్టదు. ఒకరు సిరా అద్దాలి, ఒకరు పిడి లాగాలి. చెయ్యి తిరిగిన ఇద్దరైతే గంటకు 250 తావులు, అదీ ఒక వైపే. నాలుగు పేజీల పత్రికకు ప్రతి తావూ రెండుసార్లు ప్రెస్సు కిందికి పోవాలి. 500 ప్రతులనుకున్నా వెయ్యిసార్లు లాగాలి, నాలుగు గంటల పని. టైపు, అంటే అచ్చు అక్షరాలు, తక్కువున్న చోట, అచ్చయిన అక్షరాలను విప్పి మళ్ళీ ‘కేసు’ అనే అక్షరాల పెట్టెలో గళ్ళకు సర్దితేగానీ వచ్చే వారం కంపోజింగ్ మొదలవదు. పిల్లవాడు ఒక అక్షరాన్ని పక్క గడిలో వేశాడా, అది వచ్చే సంచికలో అచ్చుతప్పయి తేలుతుంది.

ఆ తర్వాత తపాలా. 1792 చట్టం ప్రకారం పత్రికకు 100 మైళ్ళ లోపు ఒక సెంటు, దాటితే ఒకటిన్నర. సంపాదకులు ఒకరికొకరు పంపుకునే ప్రతులకు అసలు ఖర్చే లేదు. వంటింటి పత్రికలోని మాటను దూరపు ఊళ్ళ పత్రికలు ఎత్తి వేసుకోగలిగాయంటే ఈ వెసులుబాటే దారి. ‘ఆమె గొంతు దేశమంతా మారుమోగింది’ అన్న నీ వాక్యం తీసేసి ఈ రెండు ముక్కలు పెట్టు.

1829 విచారణలో ఆమెను ‘గయ్యాళి’ అన్నారని రాశావు. మాట బాగానే కుదిరింది, కానీ అది తిట్టు మాత్రమే కాదు, ఇంగ్లిషు చట్టం నుంచి వచ్చిన నేరం. లాటిన్‌లో దాని పేరు ‘కమ్యూనిస్ రిక్సాట్రిక్స్’. ఆ పదం స్త్రీలింగం కాబట్టి మగవాడి మీద మోపడానికే వీల్లేదు. ఈ ఒక్క సంగతి నీ ఆవేశం నిండిన పేరా కంటే ఎక్కువ చెప్తుంది. ఆమెను జైల్లో వేయలేదు, నీళ్ళలో ముంచనూ లేదు. ఆ నేరానికి పాత శిక్ష అయిన, నీళ్ళలో ముంచే కుర్చీకి కాలం చెల్లిందని న్యాయమూర్తులు 10 డాలర్ల జరిమానా వేశారు. ఆమె ఇంటి దగ్గర ఫైరింజన్ల షెడ్డులో ప్రార్థనలు చేసుకునే ప్రెస్బిటేరియన్ క్రైస్తవులతో వచ్చిన తగాదా దానికి మూలం. ఆ షెడ్డు వర్ణన మాత్రం బాగా రాశావు, దాన్ని ముట్టుకోకు.

నవల సంగతి. 1827 నాటి ‘ద టెన్నెసియన్’ను ఆకాశానికెత్తావు. నా లెక్కలో అది బలహీనమైన పుస్తకం. కళ్ళారా చూసింది రాసినంత కాలం ఆమెకు ఎదురు లేదు, కల్పనలోకి దిగితే చెయ్యి తడబడింది. ‘వాస్తవాల ఆధారంగా’ అని అట్ట మీద వేసుకున్నా కాపాడలేదు. నాలుగు వాక్యాలు చాలు.

‘పాల్ ప్రై’ 1836లో ఆగింది, వెంటనే ‘ద హంట్రెస్’ మొదలైంది. అది 1854 జూలై దాకా నడిచింది. తన దగ్గర 31 సెంట్లే మిగిలాయనీ, ఇంటద్దె కట్టలేకపోయాననీ చివర్లో ఆమే అచ్చువేసింది. నువ్వు దీన్ని వదిలేసి, మరణశయ్య మీద ఆమె చేత పత్రికాస్వేచ్ఛ గురించి మాట్లాడించావు. ఆ మాటలు తీసెయ్యి, ఆ చోట 31 సెంట్లు పెట్టు. అక్టోబరు 1న 85వ ఏట పోయింది. జూలైకీ అక్టోబరుకీ మధ్య ఆమె ఏమనుకుందో ఊహించి రాయకు. వంటగది పేజీ ముందు తిరగరాసి పంపు, మిగతాది తర్వాత చూస్తాను.

ఆశీస్సులతో.