సన్మానం పెడతానంటున్న మా మేనకోడలికి

బిడ్డా,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, "అక్కా, నీ కోడలు ఆఫీసు వాళ్లతో కలిసి సర్కారు బడి టీచర్లకు సన్మానం పెడుతోందట, ఆయమ్మలకు, వాచ్‌మన్లకు కూడా అట" అన్నాడు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. సంతోషం ఒకవైపు, టెన్షన్ ఇంకోవైపు. 1980 నుంచి 2014 దాకా ఆ బడుల్లోనే చాక్‌పీసు పొడి మింగినదాన్ని, సన్మానం అనే మాట వింటే ముందు పొంగిపోతాను, వెంటనే గుండె గుబేలుమంటుంది. వాయిస్ మెసేజ్ పెడితే సగం విని వదిలేస్తావని ఒక్క వేలితో కొడుతున్నా, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తా. హాలు ముందే మాట్లాడుకో. మైకు రెండుసార్లు చూసుకో. పూలు గుడిమల్కాపూర్ మార్కెట్‌లో పొద్దున్నే కొను. చీఫ్ గెస్ట్ లేకపోతేనే మంచిది, ఉంటే మాత్రం ఆయన వచ్చేదాకా పిల్లల్ని ఎండలో నిలబెట్టకు. అంతే.

నీకు తెలియనిది ఆఫీసుల సంగతి. మీ కంపెనీ మాదాపూర్‌లో ఉంది కాబట్టి ఆ చుట్టుపక్కల బడులు రంగారెడ్డి జిల్లా కిందికి వస్తాయి. అదే యూసుఫ్‌గూడ బడి తీసుకున్నావంటే హైదరాబాద్ జిల్లా. ఇద్దరు డీఈఓలు, అంటే జిల్లా విద్యాధికారులు, రెండు ఉత్తరాలు. వాళ్ల కింద అటు ఎంఈఓ అనే మండల విద్యాధికారి, ఇటు డిప్యూటీ ఐఓఎస్ అనే బడుల తనిఖీ ఆఫీసరు. ఒకచోట ఇచ్చిన కాగితం ఇంకోచోట చెల్లదు. ఇచ్చి చేతులు దులుపుకుని రాకు, ఉత్తరం అందిందని వాళ్ల రిజిస్టర్లో రాసే ఇన్‌వార్డ్ నంబరు వేయించుకుని రా, ఆ నంబరు లేకపోతే నువ్వసలు ఇవ్వనట్టే లెక్క. రెగ్యులర్ టీచర్లకు 1964 నాటి కండక్ట్ రూల్స్ ఉన్నాయి, బయటివాళ్లు ఇచ్చే కానుకలకూ సన్మానాలకూ పైవాళ్ల అనుమతి చూసుకోవాల్సి వస్తుంది. నువ్వు ముచ్చటపడి కవర్లో డబ్బులు పెట్టి ఫొటో దిగితే, గిట్టనివాడెవడో అదే ఫొటోను కంప్లైంటుకు జతచేస్తాడు. స్టాఫ్‌రూంలో అసూయ ఎలా ఉంటుందో నీకు తెలియదులే.

ఇక ఆ గూగుల్ ఫారం! మీ నాన్న పంపిన ప్లాన్‌లో "టీచర్లు తమ వివరాలు, సాధించిన విజయాలు నింపి పంపాలి" అని చదవగానే ఒళ్లు మండింది. జాతీయ ఉపాధ్యాయ అవార్డు 1958 నుంచీ ఉంది, 2018లో దానిక్కూడా టీచరే ఆన్‌లైన్‌లో తన పేరు పెట్టుకునే పద్ధతి తెచ్చారు. వాళ్లు దేశమంతా చూడాలి కాబట్టి వాళ్ల కష్టాలు వాళ్లవి. నువ్వు చూసేది పది బడులు, నీకు ఫారం ఎందుకే? ఫైలు బాగా తయారుచేసేవాళ్లే ముందుకొస్తారు. ఆరో తరగతికి వచ్చినా అక్షరాలు కూడబలుక్కోలేని పిల్లను రోజూ సాయంత్రం అరగంట పక్కన కూర్చోబెట్టుకునే మనిషికి దాన్ని ఫైల్లో రాయాలని తట్టనే తట్టదు. టెన్త్ పాస్ పర్సెంటేజీలో కూడా ఆమె కనపడదు, ఆ పిల్ల టెన్త్‌కు వచ్చేసరికి ఇంకో నాలుగేళ్లు కదా.

పిల్లల్ని అడుగు. "మంచి టీచర్ ఎవరు" అని అడగకు, ఎదురుగా ఎవరుంటే వాళ్ల పేరే చెప్తారు, భడవలు. కడుపునొప్పి వస్తే ఎవరి దగ్గరికి పోతావు, హోంవర్క్ చేయలేదని భయం లేకుండా ఎవరికి చెప్తావు, నాలుగు రోజులు రాకపోతే మీ ఇంటికి ఎవరొచ్చారు, ఇలా అడుగు. సాయంత్రం బడి వదిలేటప్పుడు గేటు దగ్గర నిలబడి తల్లుల్ని అడుగు. రెండు రోజులు పోతే నీకు ఏ ఫారమూ అక్కర్లేదు.

తేదీ సెప్టెంబర్ 5 అనుకున్నారట. వద్దు. 1962 నుంచి రాధాకృష్ణన్ గారి పుట్టినరోజున టీచర్స్ డే చేస్తున్నారు, ఆ రోజు సర్కారు సభలే బోలెడు, మంచి టీచర్‌ను నువ్వూ పిలిస్తే పాపం ఎటు పోవాలి? పైగా కొన్నేళ్లు వినాయక నిమజ్జనం ఆ దగ్గర్లోనే పడుతుంది, ట్యాంక్‌బండ్ వైపు బస్సు కదలదు. జనవరి 3 పెట్టుకో. ఆ కాలంలోనే ఆడపిల్లలకు బడి నడిపిన సావిత్రీబాయి ఫూలే పుట్టినరోజు. 2025లో మన రాష్ట్రం ఆ రోజును మహిళా టీచర్ల దినంగా ప్రకటించింది కూడా. ఆమె బడికి పోతుంటే దారిలో పేడ, బురద విసిరేవాళ్లని, అందుకే సంచిలో ఇంకో చీర పెట్టుకుని పోయేదని చెప్తారు కదా. ఆ కథ క్లాసులో చెప్పినప్పుడల్లా నాకు మా ఆయమ్మ రేకు పెట్టె గుర్తొచ్చేది. మెట్ల కింద చిన్న గదిలో ఆ పెట్టె ఉండేది. అందులో ఉతికి మడతపెట్టిన పాత చీరల ముక్కలు, రెండు యూనిఫాం లంగాలు, పిన్నీసుల డబ్బా. ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లలకు క్లాసులో ఉండగా ఇబ్బంది వస్తే నేరుగా అక్కడికే పోయేవాళ్లు. లంగాలు పాడైతే ఆమే ఉతికి మళ్లీ పెట్టేది. ఆ పెట్టె లేకపోతే ఎంతమంది నెలకు నాలుగు రోజులు ఇంట్లో కూర్చుని, ఆఖరికి బడే మానేసేవాళ్లో. ఆమెకు అది చేయమని మేమెవరం చెప్పలేదు.

ఇప్పుడు నా తప్పు చెప్తా. దీన్ని మాత్రం తొందరగా దాటేయకు.

2006లో, నేను హెడ్‌మిస్ట్రెస్ అయిన మరుసటి ఏడాది, టీచర్స్ డేకు నలుగురు టీచర్లతో పాటు ఆయమ్మకూ సన్మానం చేద్దామని నేనే పట్టుబట్టాను. తేడా ఉండకూడదని సుల్తాన్ బజార్‌కు పోయి ఐదు శాలువాలూ ఒకే రకం తెచ్చాను, మెరూన్ రంగు, సన్న జరీ అంచు. "రేపు నీక్కూడా ఉంది, మంచి చీర కట్టుకుని రా" అని ఆమెకు చెప్పాను. ఆమె మంచి చీరే కట్టుకుని, ఏడు గంటలకే వచ్చి హాలు ఊడ్చి, దరీలు పరిచి, కుర్చీలు వేసి, గెస్టులకు టీ పెట్టింది. నాకు ఏమీ అనిపించలేదు, రోజూ చేసే పనే కదా. మైకులో ఆమె పేరు పిలిస్తే మనిషి లేదు. పిల్లలు అరుస్తూ వెనక్కి పరుగెత్తారు, ఆమె పంపు దగ్గర కప్పులు కడుగుతోంది. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. చప్పట్లు మోగిపోయాయి, నాకు కళ్లు చెమర్చాయి, ఎంత గొప్ప పని చేశాననుకున్నానో! ఆ ఫొటో ఇప్పటికీ నా దగ్గర ఉంది. శాలువా కింద ఆమె కొంగు నడుముకు దోపుకునే ఉంది. ఫొటో అయ్యాక అటువైపు మెట్లు దిగి మళ్లీ పంపు దగ్గరికే పోయింది. సాయంత్రం పూలరేకులు ఊడ్చింది కూడా ఆమే.

మరుసటి జనవరి 26న జెండా పండుగకు ఒక పెద్దమనిషి చెప్పాపెట్టకుండా వచ్చాడు. శాలువా లేదు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. "ఆయమ్మా, బీరువాలో ఏమన్నా ఉందా చూడు" అన్నాను. ఆమె వెళ్లి, "ఒక్కటుంది మేడం" అని పళ్లెంలో పెట్టి తెచ్చింది. న్యూస్‌పేపర్‌లో చుట్టి, నాఫ్తలిన్ ఉండ వేసి ఉంది. హమ్మయ్య అనుకుని ఆయనకు కప్పాను. ఆయన అది వేసుకునే కారెక్కి వెళ్లిపోయాడు.

నా రిటైర్మెంట్ నాడు, 2014 మార్చి నెలాఖరు, ఒంటిపూట బడులు. నా మీద కప్పిన శాలువాలన్నీ ఆమె మడతపెడుతూ ఒక మెరూన్‌ది చేతిలోకి తీసుకుని నవ్వింది. "గిసుంటిదే నాకు గూడ కప్పిన్రు మేడం, యాదుందా? జెండా పండుగ నాడు ఆ సారుకు ఇయ్యలే?" నేను జోక్ అనుకున్నాను. తర్వాత అర్థమైంది. సభ అయ్యాక టేబుల్ క్లాతులు, జెండా, మైకు వైర్లు అన్నీ సర్ది బీరువాలో పెట్టేది ఆమే. ఆ రోజు శాలువా కూడా వాటితో పాటే పెట్టేసింది. "ఎందుకు చెప్పలేదే నాకు?" అంటే, "ఫోటో కోసం కప్పిన్రు అనుకున్న మేడం, బడిదనుకున్న" అంది.

ఎనిమిదేళ్లు! ఎనిమిదేళ్లు రోజూ నా ఎదురుగా తిరిగింది. "ఇది నీది, ఇంటికి తీసుకుపో" అని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. అనలేదు. టీచర్లకు ఎవరికీ చెప్పాల్సిన పని లేదు కదా, ఆమెకు చెప్పాలని నాకు తట్టలేదు. అప్పటికప్పుడు ఒక శాలువా తీసి ఇస్తే, "ఇప్పుడెందుకు మేడం, ఎండల్ల" అని నవ్వుతూనే తీసుకుంది. నా మనసు కోసం తీసుకుంది, అది నాకు తెలుసు.

అందుకే చెప్తున్నా, ఎవరికి సన్మానమో వాళ్లు ఆ రోజు చీపురు ముట్టకూడదు. ఇన్విటేషన్ వాళ్ల ఇంటికి పోయి ఇవ్వు, కుటుంబంతో సహా రమ్మను, ముందు వరసలో కూర్చోబెట్టు. సర్టిఫికెట్ మీద పేరు ఆధార్ చూసి రాయించు, బడిలో పిలిచే పేరు కాదు. ఉర్దూ మీడియం బడి ఉంటే పేర్లు ఉర్దూ చదివేవాళ్ల చేత ఒకసారి చూపించు, రెండు మాటలు ఉర్దూలో మాట్లాడించు. ఒకే కాంపౌండ్‌లో తెలుగు మీడియం, ఉర్దూ మీడియం రెండూ నడిచే బడులున్న ఊరు మనది, సభ మొత్తం మనకొచ్చిన భాషలోనే లాగించేస్తే పాపం ఆ టీచర్లు మర్యాదకు చప్పట్లు కొడుతూ కూర్చుంటారు.

ఇంకో భయం ఉంది నాకు, ఇది బయట ఎవరూ చెప్పరు. మీరు స్వీపరమ్మ అనుకునే మనిషికి చాలా బడుల్లో పోస్టే ఉండదు. స్కూల్ గ్రాంట్ నుంచి కొంత, టీచర్లు తలా వంద వేసుకుని కొంత ఇచ్చేవాళ్లం. నేనూ ఇచ్చాను. నువ్వు మంచికే "పద్నాలుగేళ్లుగా సేవలు" అని ఫ్లెక్సీ కొట్టించావనుకో, స్టేజీ మీదున్న ఆఫీసరు "ఈమెను ఎవరు పెట్టుకున్నారు, ఏ పద్దు కింద ఇస్తున్నారు" అని అడిగితే మొదట పోయేది ఆమె పనే. ముందు హెడ్‌మాస్టర్‌ను పక్కకు పిలిచి అడుగు, ఆ తర్వాత ఆమెను అడుగు, ఫొటో పేపర్లో వేయొచ్చా అని. వద్దంటే వద్దు. బలవంతం చేశావని తెలిస్తే నీతో మాట్లాడను.

అన్నం పెట్టే అమ్మలు కూడా అంతే. 2003 నుంచి మన బడుల్లో వండిన అన్నం పెడుతున్నారు, సిటీలో చాలాచోట్ల వ్యాన్లలో డబ్బాలు వస్తాయి, మోసేది, వడ్డించేది, కడిగేది వీళ్లే. 2009లో నెలకు వెయ్యి అన్నారు, అదీ ఏడాదికి పది నెలలే, తర్వాత కొంత పెంచారు. దాని పేరు గౌరవ వేతనం. గౌరవం సరే వేతనం ఏదీ అని స్టాఫ్‌రూంలో నవ్వుకునేవాళ్లం, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. వాళ్లకు దయచేసి స్టీలు సామాన్లు ఇవ్వకు, పొద్దంతా తోమేది అవే. ఏం కావాలో అడిగి కొను. సభ మధ్యాహ్నం పెట్టకు, అన్నం వేళ వాళ్లను లాక్కొస్తే పిల్లలకు ఎవరు పెడతారు? రాత్రి అసలే వద్దు, ఐదున్నరకల్లా ముగించు. ఆడవాళ్లకు జీరో టికెట్టే కదా అత్తా అంటావు. టికెట్టు జీరోనే, బస్సు రావాలి కదమ్మా.

తిట్టాననుకోకు. నువ్వు ఆరేళ్లప్పుడు జ్వరంతో మీ కాన్వెంటుకు పోనని ఏడిస్తే మా బడికి తీసుకొచ్చాను, గుర్తుందా? నేను క్లాసులో ఉంటే నువ్వు ఆ మెట్ల కింద గదిలో, ఆ రేకు పెట్టె పక్కన, ఆమె ఒళ్లో పడుకున్నావు. లేచేసరికి రెండు జడలు వేసి ఉన్నాయి, ఎర్ర రిబ్బన్లు ఆమె ఎక్కడ తెచ్చిందో ఇప్పటికీ తెలియదు. మీ నాన్న ఫోన్లో "ఆయమ్మలకు కూడా అట" అన్నప్పుడు నాకు ఆ రిబ్బన్లే కళ్లముందు మెదిలాయి. ఆమె ఇప్పుడు మెట్టుగూడలో కొడుకు దగ్గర ఉంటోంది, మోకాళ్లు నాకన్నా గట్టివే. పిలుస్తానంటే నేనే వెంటబెట్టుకుని వస్తా.

శాలువాలకు పోయే రోజు నాకు చెప్పు, కలిసి పోదాం. అంతకన్నా ముందు ఒక్కటి చెప్పు, సభ నాడు టీ కప్పులు కడగడానికి ఎవరిని మాట్లాడావు? పేపర్ కప్పులు అంటావేమో, సరే, మరి హాలు ఊడ్చేదెవరు?

మీ అత్త