బురద తేలుతోందా? పొడి కొనేముందు సీసాలో చూడండి

భీమవరంలో మీ అపార్టుమెంటు ఎస్టీపీలో (మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటులో) బురద అడుక్కి దిగట్లేదని, నిర్వహణవాళ్లు ఇంకో మూట బ్యాక్టీరియా పొడి కొనమంటున్నారని రాశారు కదండీ. ఆగండి. ఆ ట్యాంకులో బ్యాక్టీరియాకి కరువేం లేదు, ఏ రకం పెత్తనం చేస్తోందన్నదే గొడవ.

ఏరేషన్ ట్యాంకు (గాలి ఊదే ట్యాంకు) నీళ్లు గీతలున్న లీటరు గాజు సీసాలో పోసి, కదపకుండా అరగంట ఉంచండి. చక్కగా దిగి, గంటా రెండు గంటలకి బుడగలతో ముద్దలుగా పైకొచ్చిందా? బురద సెటిలింగ్ ట్యాంకులో (బురద అడుక్కి దిగే ట్యాంకులో) ఎక్కువసేపు ఉండిపోతోందన్నమాట. ఆక్సిజన్ అయిపోయాక బ్యాక్టీరియా నైట్రేటుని వాడుకుని నత్రజని వాయువు వదులుతాయి, ఆ బుడగలే బురదని పైకి లేపుతాయి. రిటర్న్ పంపింగ్, అంటే దిగిన బురదని మళ్లీ ఏరేషన్ ట్యాంకుకి పంపడం, పెంచండి. మా దగ్గర ఇదే జరిగింది, తీరా చూస్తే వాల్వులో గుడ్డపీలిక!

అరగంటైనా దూదిలా పైనే ఉంటే, పోగుల్లాంటి బ్యాక్టీరియా పెరిగినట్టే. కాలేజీ మైక్రోస్కోపు కింద ఒక్క చుక్క పెడితే సేమ్యాలా కనిపిస్తాయి. కరెంటు బిల్లుకి భయపడి రాత్రిళ్లు గాలి ఊదే బ్లోయర్ ఆపేస్తున్నారేమో కనుక్కోండి. ఏరేషన్ ట్యాంకు నీళ్లలో కరిగిన ఆక్సిజన్ లీటరుకి 2 మిల్లీగ్రాములకి తగ్గకూడదు.

ఈలోగా ఆ నీళ్లు కాలవలోకి వదలకండి, దిగువన చెరువులవాళ్లు తోడుకునేది అవే. సీసాలో బురద ఏ గీత దగ్గర ఆగిందో రాయండి.